ఇంజన్ పోయిన పాత కారు: బాగు చేయించాలా, వేరే ఇంజన్ వేయించాలా?

స్టెప్నీ
14 ఏళ్ల పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు, 1,80,000 కిలోమీటర్లు దాటింది. హైవే మీద పోతుంటే టెంపరేచర్ ముల్లు ఉన్నట్టుండి ఎర్రగీత మీదకు ఎక్కింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి. వెంటనే పక్కకు తీసి ఆపేశాను. టో చేయించి గ్యారేజీలో పెట్టాను. వాళ్లు ఒకసారి స్టార్ట్ చేసి చూసి, "ఇంజన్ పోయింది సార్, బాగు చేయించడం దండగ, వేరే ఇంజన్ వేసేద్దాం" అన్నారు. ఒక్క నట్టు కూడా విప్పలేదు.

బాడీకి తుప్పు లేదు. గేర్లు మెత్తగా పడతాయి, ఏసీ బాగుంది, సస్పెన్షన్ పని ఈమధ్యే చేయించాను. ఇంట్లో మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో మాట: ఇదే ఇంజన్ బాగు చేయించమని ఒకరు, సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేయించమని ఒకరు, ఉన్నదున్నట్టు అమ్మేయమని ఒకరు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏ లెక్కన తేల్చుకోవాలి?

టార్క్‌రెంచ్
విప్పకుండా, కొలవకుండా "ఇంజన్ పోయింది" అనడం "ఒంట్లో బాగోలేదు" అన్నట్టే. ఏం పోయిందో తెలియకుండా ఆ మూడింటిలో దేనికీ సరే అనకండి.

వేడెక్కి ఆగిన ఇంజన్‌లో చాలాసార్లు ముందు పోయేది హెడ్ గ్యాస్కెట్, అంటే సిలిండర్లుండే బ్లాక్‌కూ దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కూ మధ్య ఉండే పలుచని సీలు. వేడికి అల్యూమినియం పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కింద బ్లాక్ ఇనుముది, పైన హెడ్ అల్యూమినియంది అయితే, విపరీతంగా వేడెక్కినప్పుడు హెడ్ వంగుతుంది, మధ్యలో గ్యాస్కెట్ నలుగుతుంది. అంతమాత్రాన పిస్టన్లు, వాటితో తిరిగే క్రాంకు పోయాయని కాదు. పోయి ఉండనూ వచ్చు. ఆ తేడా తేల్చడానికే కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతుందో చూడడం), లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి కొట్టి ఎటు కారుతుందో చూడడం) ఉన్నాయి. రెండూ హెడ్ విప్పకుండా, స్పార్క్ ప్లగ్గులు తీసి చేసేవే. ఒక పూట కూడా పట్టదు.

గ్యారేజీ వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "ఏ సిలిండర్‌లో కంప్రెషన్ ఎంత వచ్చింది?" అంకెలు చెప్పలేకపోతే బండి అక్కడి నుంచి తీసేయండి.

లెక్కల_మాస్టారు
అమ్మేయండి. రిపేరు ఖర్చు బండి మార్కెట్ విలువలో సగం దాటితే దాని మీద ఇంకేమీ పెట్టకూడదన్నది నేను ఎప్పుడూ పాటించే లెక్క. 14 ఏళ్ల బండికి ఇంజన్ పని అంటే సగం దాటడం ఖాయం. ఇవాళ ఇంజన్, రేపు గేర్‌బాక్స్, ఆ తర్వాత వైరింగ్. దానికి అంతుండదు.

గేర్ల_గోల
మాస్టారూ, ఆ సగం లెక్క దగ్గరే నాకు పేచీ. బండి ఎంత పలుకుతుందన్నది అమ్మేవాడికి కావాలి. ఉంచుకునేవాడికి కావాల్సింది వేరు. రిపేరుకయ్యే డబ్బు, చెడిపోయిన బండి అమ్మితే వచ్చే డబ్బు కలపండి. ఆ మొత్తానికి బయట ఇంతకంటే నమ్మకమైన బండి దొరుకుతుందా? దొరికేది మరో పాత బండే. దాన్ని ఎవరు ఎలా నడిపారో, ఆయిల్ ఎప్పుడు మార్చారో మీకు తెలియదు. ఈ బండి పుట్టుపూర్వోత్తరాలు స్టెప్నీ గారికి తెలుసు. ఆ తెలియడానికి విలువ లేదంటారా?

లెక్కల_మాస్టారు
ఉంది, కాదనను. కానీ ఇంజన్ పని మొదలయ్యాక ఒకదాని వెంట ఒకటి బయటపడుతుంది. సగం విప్పిన బండి గ్యారేజీలో ఉన్నప్పుడు "ఇది కూడా మార్చాలి" అంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే ముందే గీత గీసుకోమంటున్నాను.

నీలిపొగ
స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి ఏ రంగు పొగ వచ్చింది? తెల్లగానా?

స్టెప్నీ
@నీలిపొగ తెల్లగా, చాలా దట్టంగా. కాస్త తీపి వాసన. ఇంజన్ నాలుగు సిలిండర్ల మీద నడవడం లేదు, మిస్సింగ్ కొడుతోంది. ఆయిల్ మూత లోపల గోధుమ రంగు మీగడలాంటిది అంటుకుని ఉంది.

గేర్ల_గోల
పేరు నీలిపొగ, ఆరా తీసేది తెల్లపొగ గురించి :)

నీలిపొగ
పేరు నా పాత బండిది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి ఆయిల్ తాగేది, అందుకే నీలిపొగ. స్టెప్నీ గారిది తీపి వాసనతో తెల్లపొగ కాబట్టి సిలిండర్‌లోకి కూలెంట్ వెళ్లి కాలుతోంది. రెండు రోగాలూ వేరు, ఖర్చులూ వేరు. టార్క్‌రెంచ్ గారు చెప్పిన గ్యాస్కెట్ వైపే నా ఓటు కూడా.

టార్క్‌రెంచ్
స్టెప్నీ గారూ, అయితే దయచేసి ఇంకోసారి స్టార్ట్ చేయనివ్వకండి. కూలెంట్ కలిసిన ఆయిల్ క్రాంకు తిరిగే బేరింగులను కాపాడలేదు. బాగున్న క్రాంకు కూడా ఆ కొద్దిసేపట్లోనే గీతలు పడి పాడవవచ్చు. పైగా సిలిండర్ నిండా నీరు చేరి ఉంటే, నీరు గాలిలా కుదించుకుపోదు కాబట్టి, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఆయిల్ మూత కింద మీగడ చూసి కంగారుపడకండి. ఎప్పుడూ దగ్గరి దూరాలే తిరిగే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కక, తేమ అక్కడ పేరుకుని అలాగే కనిపిస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి. అక్కడి ఆయిల్ కూడా పాలు కలిపినట్టుంటే అప్పుడు అనుమానపడాలి.

వానాకాలం
రాడ్ వంగడం గురించి టార్క్‌రెంచ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా బండి వాన నీళ్లలో ఆగిపోయింది. ఎయిర్ ఫిల్టర్ దారిలో నీళ్లు లోపలికి పోయాయి. సాయం చేయడానికి వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టారు. చివరికి రెండు రాడ్లు వంగాయి, ఒక పిస్టన్ పగిలింది. ముందే ప్లగ్గులు తీసి, ఇంజన్ తిప్పి నీళ్లు బయటకు పంపి ఉంటే బతికేదని విప్పిన మెకానిక్ చెప్పాడు. నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టొద్దని కనిపించిన ప్రతివాళ్లకూ చెబుతున్నాను.

రోజూ_అరవైకిమీ
మరి మీరు ఏం చేశారు, బాగు చేయించారా?

వానాకాలం
లేదు, సెకండ్ హ్యాండ్ ఇంజనే వేయించాం. బ్లాక్‌లో సిలిండర్ గోడ మీద లోతుగా గీత పడింది. సిలిండర్‌కు లోపల కొత్త గొట్టం (స్లీవ్) వేసి, రాడ్లు, పిస్టన్లు, బేరింగులు అన్నీ మార్చేకంటే అదే నయమనిపించింది. ఇప్పటికీ బాగా నడుస్తోంది.

రోజూ_అరవైకిమీ
నా అనుభవం పూర్తిగా తలకిందులు. "తక్కువ తిరిగిన ఇంజన్" అని అంటగట్టారు. బిగించిన కొన్నాళ్లకే నీలిపొగ, ఆయిల్ ప్రెషర్ లైటు. అమ్మినవాణ్ని అడిగితే "బిగించడంలో తప్పు" అన్నాడు, బిగించినవాణ్ని అడిగితే "ఇంజన్‌లోనే తప్పు" అన్నాడు. విప్పడానికీ బిగించడానికీ అయిన కూలి రెండుసార్లు నేనే కట్టాను. స్టెప్నీ గారూ, సెకండ్ హ్యాండ్ జోలికి పోకండి.

డీజిల్_దొర
జోలికే పోవద్దంటే ఎలా? మీకు జరిగింది అన్యాయమే, కానీ తప్పు పాత ఇంజన్‌ది కాదు, చూడకుండా కొనడానిది. నేను ఇలాంటివి చాలా బిగించాను, కొన్నింటిని తిప్పి పంపాను. కొనేముందు స్టార్టర్ పెట్టి తిప్పి కంప్రెషన్ చూడాలి. అది ఒప్పుకోని చోట కొనకూడదు. ఆయిల్ ఫిల్టర్ తీసి కోసి, కాగితం మడతల్లో మెరిసే లోహపు పొడి ఉందేమో చూడాలి. బేరింగులు అరిగితే అక్కడే దొరికిపోతాయి. చాలాకాలం ఊరికే పడి ఉన్న ఇంజన్ అయితే సిలిండర్ గోడలకు తుప్పు పట్టి ఉంటుంది. ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న కెమెరా దించితే అదీ కనిపిస్తుంది.

పేరు ఒకటే అయినా ఇంజన్ కోడ్ వేరుగా ఉండవచ్చు. సెన్సర్లు, వైరింగ్ సాకెట్లు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) కలవకపోతే బిగించాక కూడా స్టార్ట్ అవదు. ఇంకొకటి, ఇంజన్ బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్రాంకు వెనక ఆయిల్ సీలు, క్లచ్ ప్లేటు మార్చేయాలి. తర్వాత అవి పోతే మళ్లీ అంతా దించాలి. ఆ ఖర్చు కూడా కలుపుకుని చూస్తే "చవక ఇంజన్" అంత చవకగా ఉండదు. ఇంజన్ నంబరు మారుతుంది కాబట్టి, రిజిస్ట్రేషన్ పత్రాల్లో ఆ నంబరు రాసే చోట్ల దాన్ని కూడా మార్పించుకోవాలి. చాలామంది ఇది వదిలేసి, అమ్మేటప్పుడు ఇరుక్కుంటారు.

రోజూ_అరవైకిమీ
ఇంత తెలిసినవాళ్లు పక్కన ఉంటే కొనొచ్చు దొరగారూ. మాలాంటి వాళ్లకు ఎవరున్నారు? అందుకే వద్దన్నాను.

డీజిల్_దొర
అదీ నిజమే. తెలిసినవాడు తోడు లేకపోతే కనీసం రాతపూర్వకంగా గ్యారంటీ తీసుకోండి. ఇంజన్‌కు మాత్రమే కాదు, మళ్లీ దించి ఎక్కించే కూలికి కూడా అందులో రాయించుకోండి. మీ కేసులో దెబ్బ కొట్టింది అదే.

లేత్_మనిషి
ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను. హెడ్లు, బ్లాకులు, క్రాంకులు పట్టుకుని మా దగ్గరికి వస్తారు కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

ఏ స్థాయిలో పోయిందో దాన్ని బట్టే నిర్ణయం. గ్యాస్కెట్ పోయి హెడ్ వంగితే, హెడ్ తెచ్చి ఫేసింగ్ (అడుగు తలాన్ని పలుచగా చెక్కి చదును చేయడం) చేయించుకుంటే సరిపోతుంది. దానికి ఇంజన్ మార్చమనడం నా దృష్టిలో అన్యాయం. టైమింగ్ బెల్టు తెగి వాల్వులు వంగినా అంతే, పిస్టన్ల తలలు బాగుంటే హెడ్ పనితోనే పోతుంది. సిలిండర్లు అరిగితే రీబోర్ చేసి (లోపల కాస్త వెడల్పుగా చెక్కి) 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తాం. క్రాంకు గీసుకుపోతే గ్రైండ్ చేసి, సన్నబడిన దానికి సరిపోయే అండర్‌సైజు బేరింగులు వేస్తాం. ఇక్కడిదాకా వచ్చిందంటే అది ఫుల్ ఇంజన్ పని. ఆ బండికి ఓవర్‌సైజు పిస్టన్లు, బేరింగులు దొరుకుతాయా అన్నది విప్పకముందే కనుక్కోండి. ఆ సామాను రాక బ్లాకులు మా షాపుల్లో నెలల తరబడి పడి ఉంటాయి. రాడ్ తెగి బ్లాక్ పక్క నుంచి బయటకు వచ్చిందంటే ఇక మాట్లాడుకోవడానికేమీ లేదు, ఇంజన్ మార్చాల్సిందే.

బాగా వేడెక్కిన హెడ్ వస్తే నేను ముందు చూసేది పగుళ్లు. వాల్వు సీట్ల మధ్య సన్నని పగులు కంటికి కనపడదు. ప్రెషర్ టెస్ట్ (హెడ్‌లోని కూలెంట్ దారుల్లోకి గాలి కొట్టి ఎక్కడైనా కారుతుందేమో చూడడం) చేయకుండా నేరుగా ఫేసింగ్‌కు ఎక్కించేవాళ్లు ఉన్నారు. అలా చేసిన హెడ్ బిగించాక మళ్లీ నీళ్లు తాగుతుంది, కస్టమర్ గ్యాస్కెట్‌ను తిట్టుకుంటాడు. ముందు ప్రెషర్ టెస్ట్, తర్వాతే ఫేసింగ్. ఈ వరస తప్పనివ్వకండి.

లెక్కల_మాస్టారు
ఇది నాకు పనికొచ్చే సమాచారం. ఫుల్ ఇంజన్ పని అనుకునే అమ్మేయమన్నాను. హెడ్‌తో సరిపోయేదైతే నా లెక్క ప్రకారమైనా చేయించుకోవచ్చు. సిలిండర్లు కూడా అరిగాయని తేలితే మాత్రం నా మాట మీదే ఉంటాను.

అక్షర_చక్రం
ఒక సందేహం. హైవే మీద పోతుంటే ఎందుకు వేడెక్కింది? నాకు తెలిసి ఫ్యాను పోతే ట్రాఫిక్‌లోనే వేడెక్కాలి కదా?

టార్క్‌రెంచ్
@అక్షర_చక్రం మంచి ప్రశ్న, నేనే ముందు అడగాల్సింది. వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాను అవసరం పెద్దగా ఉండదు. హైవే మీద వేడెక్కిందంటే కూలెంట్ కారిపోయి ఉండాలి, లేదా థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండాలి, వాటర్ పంపు తిప్పకపోయి ఉండాలి, రేడియేటర్ పూడుకుపోయి ఉండాలి. మొదటి కారణం కనుక్కోకుండా కొత్త గ్యాస్కెట్ వేసినా, ఇంజనే మార్చినా, మళ్లీ అదే గతి.

ఈ చర్చ చదివేవాళ్లందరికీ ఇంకో మాట. కూలెంట్ అంతా కారిపోయాక సెన్సర్‌కు నీరు తగలదు కాబట్టి ముల్లు కిందికి దిగవచ్చు. అది చూసి చల్లబడిందనుకుని నడిపితే ఇంజన్ సీజ్ అయిపోతుంది.

స్టెప్నీ
బండిని వేరే చోటికి మార్చాను. ఇక్కడి మెకానిక్ టెస్టులు చేసి అంకెలు రాసిచ్చాడు. 1వ సిలిండర్ 12.1 బార్లు, 2వది 5.0, 3వది 5.3, 4వది 11.9. 2, 3లలో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూశాడు, పెద్దగా పెరగలేదు. డిప్‌స్టిక్ ఆయిల్ మాత్రం మామూలుగానే ఉంది. వీటిని బట్టి ఏమనుకోవాలి?

టార్క్‌రెంచ్
ఇవి చాలా ఆశ కలిగించే అంకెలు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోయాయి కాబట్టి వాటి మధ్య గోడ మీద గ్యాస్కెట్ తెగి, ఒకదాని గాలి ఇంకోదాంట్లోకి పోతోంది. ఆయిల్ పోస్తే కంప్రెషన్ పెరిగి ఉంటే రింగులు అరిగాయని అర్థం. పెరగలేదంటే రింగుల వైపు భయం తక్కువ. 1, 4 చూడండి, ఇన్ని కిలోమీటర్లు తిరిగిన ఇంజన్‌కు అవి మంచి అంకెలు, రెండింటికీ తేడా కూడా దాదాపు లేదు. డిప్‌స్టిక్ మామూలుగా ఉందంటే బేరింగులకు కూలెంట్ తగల్లేదు. లీక్‌డౌన్ కూడా చేయించండి. 2లోకి గాలి కొడితే 3వ ప్లగ్గు రంధ్రంలోంచి రావాలి, కూలెంట్ ట్యాంకులో బుడగలు రావాలి. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే మాత్రం రింగులను మళ్లీ అనుమానించాలి.

గేర్ల_గోల
మొదటి గ్యారేజీ వాళ్లు ఇంజనే మార్చాలన్నది దీనికా!

నీలిపొగ
హెడ్ దించాక 2, 3 పిస్టన్ల తలలు చూడండి స్టెప్నీ గారూ. కూలెంట్ వెళ్లిన సిలిండర్‌లో ఆవిరికి మసి ఊడిపోయి పిస్టన్ తల కడిగినట్టు మెరుస్తుంది.

స్టెప్నీ
లీక్‌డౌన్ టార్క్‌రెంచ్ గారు చెప్పినట్టే వచ్చింది. ఆయిల్ మూత దగ్గర గాలి లేదు. హెడ్ దించారు. రెండో పిస్టన్ తల నిజంగానే తళతళలాడుతోంది. గ్యాస్కెట్ 2, 3 మధ్య తెగి, పక్కనున్న కూలెంట్ దారిలోకి కూడా కాలిపోయింది. హెడ్ 0.15 మిల్లీమీటర్లు వంగింది. సిలిండర్ గోడల మీద ఫ్యాక్టరీలో హోనింగ్ చేసిన అడ్డగీతలు ఇంకా కనపడుతున్నాయి, కొలతలు కూడా మాన్యువల్లో ఇచ్చిన హద్దులోనే ఉన్నాయి. కారణం హీటర్ గొట్టాల దగ్గరున్న ప్లాస్టిక్ జాయింట్. పెళుసెక్కి పగిలి, కూలెంట్ చాలావరకు కారిపోయింది.

ఉన్న ఇంజనే బాగు చేయించాలని నిర్ణయించాను. ఇప్పుడు హెడ్ లేత్‌కు పంపుతున్నాం. అక్కడ ఏం చెప్పాలి?

లేత్_మనిషి
అడ్డగీతలు కనపడుతున్నాయంటే సిలిండర్లకు ఇంకా చాలా ఆయుష్షుంది. వాటిని ముట్టుకోనివ్వకండి. "ఎలాగూ విప్పాం కదా, రింగులు కూడా వేద్దాం" అంటారు. అవసరం లేదు.

0.15 అంటే ఫేసింగ్ తప్పదు. చాలా ఇంజన్లకు 0.05 దాటితేనే ఒప్పుకోరు. మీ ఇంజన్‌కు హెడ్ కనీస ఎత్తు ఎంత ఉండాలో మాన్యువల్లో చూసి ఆ అంకె లేత్ వాళ్లకు రాసివ్వండి, చెక్కాక హెడ్ ఎత్తు అంతకంటే తగ్గకూడదు. ఎక్కువ తీస్తే కంప్రెషన్ పెరిగి నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండి టకటకమనే చప్పుడు) వస్తుంది. కొన్ని ఇంజన్లకు దాన్ని సరిచేయడానికి మందం గ్యాస్కెట్లు దొరుకుతాయి. వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ హెడ్‌లోనే ఉంటే అది తిరిగే దారి కూడా వంగిందేమో చూడమనండి. కింద ఫేసింగ్ చేసినంత మాత్రాన పైవంపు పోదు. కామ్ చేత్తో సులువుగా తిరగాలి. బ్లాక్ పై తలాన్ని కూడా స్కేలు పెట్టి చూడాలి, చాలామంది హెడ్ ఒక్కటే కొలిచి వదిలేస్తారు. స్టీలు పొరల గ్యాస్కెట్ అయితే తలం బాగా నున్నగా ఉండాలి, ఏ గ్యాస్కెట్ వేస్తున్నారో లేత్‌లో ముందే చెప్పండి.

డీజిల్_దొర
హెడ్ బోల్టులు కొత్తవి వేయించండి. చాలా ఇంజన్లలో అవి సాగదీసి బిగించే రకం. ఒకసారి బిగించాక మళ్లీ వాడితే పట్టు రాదు. బిగింపు కూడా మాన్యువల్లో చెప్పిన వరసలో, చెప్పిన టార్కుకు, ఆ తర్వాత చెప్పిన డిగ్రీలు తిప్పాలి. అంచనాతో పని చేయించకండి.

అక్షర_చక్రం
ఆ ఒక్క ప్లాస్టిక్ జాయింటేనా మార్చేది? వయసు అన్ని గొట్టాలకూ ఒకటే కదా.

టార్క్‌రెంచ్
అవును, కూలెంట్ గొట్టాలన్నీ, ప్లాస్టిక్ జాయింట్లన్నీ, థర్మోస్టాట్, రేడియేటర్ మూత ఇప్పుడే మార్చేయడం మంచిది. ఆ మూత ప్రెషర్ పట్టి ఉంచితేనే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. టైమింగ్ బెల్టు ఎలాగూ తీశారు కాబట్టి బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కూడా. వీటి ఖర్చు అనవసరం కాదు మాస్టారూ, వీటి కూలి ఇప్పటికే కట్టేశారు.

లెక్కల_మాస్టారు
దీనికి నేనూ సరే. సీట్ కవర్లు, కొత్త స్పీకర్ల జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు.

రోజూ_అరవైకిమీ
స్టెప్నీ గారూ, పాత సామాను అంతా తిరిగి అడిగి తీసుకోండి. బోల్టులు, గ్యాస్కెట్, పంపు అన్నీ. మార్చారో లేదో తెలియడానికి అదొక్కటే దారి. లేత్ వాళ్ల ప్రెషర్ టెస్ట్ కాగితం కూడా.

స్టెప్నీ
తీసుకుంటాను. హెడ్ ప్రెషర్ టెస్ట్ అయింది, పగుళ్లు లేవు. కామ్ చేత్తో తిరుగుతోంది. ఫేసింగ్ రేపు. బిగించాక కొత్త ఇంజన్‌లా రన్నింగ్-ఇన్ (మొదట్లో కొంత దూరం మెల్లగా నడపడం) చేయాలా? కూలెంట్ పోసేటప్పుడు చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

లేత్_మనిషి
రింగులు, పిస్టన్లు మార్చలేదు కాబట్టి రన్నింగ్-ఇన్ అక్కర్లేదు. అది రీబోర్ చేసినవాళ్లకు.

టార్క్‌రెంచ్
డిప్‌స్టిక్ బాగున్నా సరే ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేయించండి. హెడ్ దించేటప్పుడు ఎంతో కొంత కూలెంట్ ఆయిల్‌లో పడుతుంది. కొద్ది దూరం తిరిగాక ఇంకోసారి మార్చేయండి. కూలెంట్, నీళ్లు 50:50 కలిపింది పోయండి, ఉత్త నీళ్లు పోయనివ్వకండి. హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, గాలి వదిలే స్క్రూ తెరిచి మెల్లగా నింపాలి. లోపల గాలి బుడగ మిగిలితే హెడ్ ఆ చోట మళ్లీ కాలుతుంది. మొదటి కొన్ని రోజులు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాంకులో మట్టం చూడండి. గాలి బయటపడే కొద్దీ మొదట కాస్త తగ్గడం మామూలే, నింపుకుంటే చాలు. తగ్గుతూనే ఉంటే ఇక్కడ రాయండి, చూద్దాం.